బిందువు, స్లోప్ ఇచ్చారు... రేఖ సమీకరణం ఏ పద్ధతిలో రాస్తే మంచిది?

"మావయ్యా, కాలేజీలో సార్ ఒకలా చేశారు, ట్యూషన్‌లో ఇంకోలా చేశారు, యూట్యూబ్‌లో చూస్తే మూడో రకం. పరీక్షలో ఏది రాయమంటావు?"

విశాఖపట్నం సీతమ్మధారలో మా అక్క వాళ్ల డాబా మీద కూర్చుని మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ ఫస్టియర్. లెక్క చూస్తే చిన్నదే: రేఖ (−2, 5) గుండా పోతుంది, వాలు −3/4, సమీకరణం కనుక్కోవాలి. మూడు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుందని దానికీ తెలుసు. టెన్షన్ అంతా దేన్ని ఎంచుకోవాలన్న దాని గురించే. "ఏదైనా ఒకటే" అనేసి ఊరుకోవచ్చు కానీ, అది నిజం కాదు. జవాబు ఒకటే అయినా పట్టే టైమ్ ఒకటి కాదు, తప్పు దొర్లే చోటూ ఒకటి కాదు. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక చిన్న మాట. ఇక్కడ చదవడానికి వీలుగా అక్షరాలన్నీ తెలుగులోనే ఎక్స్, వై, ఎం, సి అని రాస్తున్నాను. మీ నోట్సులో మామూలుగా వేసే అక్షరాలే వేసుకోండి. ఎం అంటే స్లోప్, అంటే వాలు. సి అంటే రేఖ వై-అక్షాన్ని తాకే చోటు, మన పుస్తకాల్లో అంతరఖండం అంటారు.

## ముందు ఏం చూసుకోవాలి

పద్ధతి ఎంచుకునే ముందు నేను నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది, ఇచ్చిన బిందువు ఎలాంటిది? (0, 7) లాంటిదైతే దారి ఒకటి, (−2, 5) లాంటిదైతే ఇంకొకటి. రెండోది, స్లోప్ పూర్ణాంకమా, భిన్నమా? భిన్నమైతే దాన్ని ఎప్పుడు వదిలించుకుంటామన్న దాని మీదే సగం తప్పులు ఆధారపడతాయి. మూడోది, జవాబు ఏ రూపంలో కావాలి? ప్రశ్నలో రూపం చెప్పకపోయినా, దాని తర్వాత ఏం అడిగారో చూస్తే తెలిసిపోతుంది. నాలుగోది, స్టెప్పులు చూపించాలా, ఆప్షన్ గుర్తుపెడితే చాలా?

అన్నిటికంటే మూడోది ముఖ్యం. పిల్లలు దాన్నే చూడరు. ఫార్ములా గుర్తొచ్చిన వెంటనే మొదలుపెట్టి, వచ్చిన దాన్ని ఆఖర్లో అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంటారు.

## మొదటి దారి: వాలు-బిందు రూపం

వై − వై₁ = ఎం(ఎక్స్ − ఎక్స్₁), ఇక్కడ (ఎక్స్₁, వై₁) అంటే ఇచ్చిన బిందువు

దీన్ని బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవడానికి ఆటో కిరాయి బాగా పనికొస్తుంది. లెక్క కోసం అనుకుందాం: మద్దిలపాలెంలో ఆటో ఎక్కితే 4 కిలోమీటర్లకి 70 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 15 చొప్పున పెరుగుతుంది. 9 కిలోమీటర్లకి ఎంత? ఎవరైనా నోటితోనే చేసేస్తారు. 4 దాటి 5 వెళ్లాం, ఐదు పదిహేనులు 75, దానికి 70 కలిపితే 145. అంతే, మీరు వాలు-బిందు రూపం వాడేశారు. తెలిసిన చోటు (4, 70). అక్కడినుంచి ఎంత జరిగామో అది ఎక్స్ − 4. దాన్ని 15తో గుణిస్తే కిరాయి ఎంత పెరిగిందో వస్తుంది, అదే వై − 70.

వై − 70 = 15(ఎక్స్ − 4)

అంటే ఈ ఫార్ములా చెప్పేదల్లా ఒక్కటే: తెలిసిన చోటు నుంచి అడ్డంగా ఇంత జరిగితే, నిలువుగా దానికి ఎం రెట్లు జరుగుతాం. ఇది తలకెక్కిన వాళ్లు ఫార్ములా మర్చిపోయినా మళ్లీ రాసుకోగలరు.

ఇప్పుడు మా మేనకోడలి లెక్క:

వై − 5 = −3/4 (ఎక్స్ + 2)

ఒక్క లైన్‌లో సమీకరణం అయిపోయింది. రూపం ఏదీ అడగకపోతే ఇదీ సరైన సమీకరణమే. అయినా మన దగ్గర కుడివైపు సున్నా పెట్టి ముగించే అలవాటు ఉంది కాబట్టి ఇంకో రెండు లైన్లు రాద్దాం. రెండువైపులా 4తో గుణిస్తే 4వై − 20 = −3ఎక్స్ − 6. సర్దితే 3ఎక్స్ + 4వై − 14 = 0. దీన్నే సాధారణ రూపం అంటారు.

ఇందులో ప్రమాదం ఒక్కచోటే ఉంది, నెగటివ్ నిరూపకం దగ్గర. ఎక్స్ − (−2) అంటే ఎక్స్ + 2. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో సరిగ్గా ఇక్కడే ఎక్స్ − 2 అని రాసి, దాని మీద పేజీ నిండా చక్కగా లెక్క చేసుకుంటూ పోయాను. ఒక్క స్టెప్పులో కూడా తప్పు లేదు, మొదటి లైన్ తప్ప. అప్పటినుంచి బ్రాకెట్‌లో బ్రాకెట్ పెట్టి, ముందు ఎక్స్ − (−2) అని రాసి, ఆ తర్వాతే ప్లస్ చేస్తాను. నామోషీగా ఉన్నా నా మాట విని అలాగే రాయండి.

## రెండో దారి: వై = ఎంఎక్స్ + సి లో వేసి సి కనుక్కోవడం

ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది ఇదే. స్లోప్ తెలుసు కాబట్టి ఎం దగ్గర వేస్తాం, బిందువు నిరూపకాలు ఎక్స్, వై దగ్గర వేస్తాం, సి వస్తుంది.

5 = (−3/4)(−2) + సి
5 = 3/2 + సి
సి = 7/2

కాబట్టి వై = −3/4 ఎక్స్ + 7/2.

చూడటానికి తేలికే. కానీ ఇక్కడ భిన్నాన్ని రెండుసార్లు మోశాం, 5లోంచి 3/2 తీసివేయాల్సి వచ్చింది. బిందువు (−2, 5) బదులు (1/3, 5) అయి ఉంటే ఇంకా గజిబిజి. పైగా సాధారణ రూపం కావాలంటే ఆఖర్లో మళ్లీ 4తో గుణించాలి. భిన్నాలతో ఇబ్బంది పడేవాళ్లు ఈ దారికి దూరంగా ఉండటమే మంచిది. కానీ భిన్నాలంటే భయపడేవాళ్లే దీన్ని ఎక్కువగా వాడటం నేను చూశాను. వై = ఎంఎక్స్ + సి నోటికి బాగా వస్తుంది కదా, అందుకని.

మరి దీన్ని ఎప్పుడు వాడాలి? సి కి సొంతంగా ఒక అర్థం ఉన్నప్పుడు. ఆటో లెక్కనే సర్దితే వై = 15ఎక్స్ + 10 వస్తుంది. మొదటి కిలోమీటరు నుంచీ ఇదే రేటు అనుకుంటే, ఆ 10 అంటే ఆటో కదలకముందే మీటర్ మీద ఉన్న సొమ్ము. మొదటి దారిలో ఈ సంగతి కనబడదు, ఇక్కడ ఎదురుగా కనబడుతుంది.

ఫిజిక్స్ ల్యాబ్‌లో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. సెల్ అంతర్నిరోధం ప్రయోగంలో వోల్టేజీకి, కరెంటుకి గ్రాఫ్ గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది. ఆ స్లోప్‌లోంచి మైనస్ గుర్తు తీసేస్తే మిగిలేది అంతర్నిరోధం. గీత వోల్టేజీ అక్షాన్ని తాకే చోటు సెల్ విద్యుచ్ఛాలక బలం, పిల్లలు ఈఎంఎఫ్ అనే చెబుతారు. స్లోప్ −0.4, ఒక రీడింగ్‌లో 0.5 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులు అనుకోండి. 1.3 = −0.4 × 0.5 + సి, కాబట్టి సి = 1.5 వోల్టులు. ఇక్కడ వాలు-బిందు రూపంలో ఆపేస్తే రికార్డులో రాయాల్సిన విలువే బయటికి రాదు.

ఇచ్చిన బిందువు (0, 7) లాంటిదైతే ఆలోచించే పనే లేదు. సి చేతికిచ్చినట్టే, నేరుగా వై = ఎంఎక్స్ + 7 అని రాసేయడమే.

## మూడో దారి: నేరుగా సాధారణ రూపం

ఇది స్కూల్లో విడిగా నేర్పడం తక్కువ. ఎంట్రన్స్‌లకి తయారయ్యేవాళ్లు మాత్రం చకచకా వాడతారు. నాకు ఇష్టమైన దారి కూడా ఇదే, కాబట్టి కాస్త పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి.

సాధారణ రూపంలో స్లోప్ అంటే, ఎక్స్ గుణకాన్ని వై గుణకంతో భాగించి గుర్తు మార్చడం. దీన్నే వెనక్కి తిప్పి వాడాలి. స్లోప్‌లో పైనున్న అంకె ఎక్స్‌కి, కిందున్న అంకె వైకి ఇవ్వండి. స్లోప్ నెగటివ్ అయితే మధ్యలో ప్లస్, పాజిటివ్ అయితే మధ్యలో మైనస్.

స్లోప్ −3/4 కాబట్టి ఎడమవైపు 3ఎక్స్ + 4వై. కుడివైపు ఎంత? బిందువునే అందులో వేసి చూడండి: 3(−2) + 4(5) = 14. అయిపోయింది.

3ఎక్స్ + 4వై = 14

భిన్నం అసలు కనబడలేదు. ఎక్స్ + 2, ఎక్స్ − 2 గొడవ కూడా లేదు, ఎందుకంటే నిరూపకాన్ని ఉన్నదున్నట్టు వేశాం, గుర్తు మార్చలేదు.

లంబరేఖ అడిగితే ఈ దారి ముద్దొస్తుంది. అదే బిందువు గుండా పై రేఖకి లంబంగా ఉన్న రేఖ కావాలి అనుకోండి. 3, 4 చోట్లు మార్చి మధ్య గుర్తు మార్చితే ఎడమవైపు 4ఎక్స్ − 3వై. బిందువు వేస్తే −8 − 15 = −23. కాబట్టి 4ఎక్స్ − 3వై + 23 = 0. సమాంతర రేఖకి అయితే ఎడమవైపు అలాగే ఉంచి కొత్త బిందువు వేయడమే.

లోపం లేదా అంటే ఉంది. రాతపరీక్షలో ఇలా ఒకే లైన్ రాస్తే దిద్దేవారికి స్టెప్పులు కనబడవు. తుది జవాబు పొరపాటున తప్పితే ఇవ్వడానికి మార్కు ఎక్కడా దొరకదు. ఇంకోటి, ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియకుండా వాడితే మధ్య గుర్తు తారుమారవుతుంది. ముందు వాలు-బిందు రూపంలో ఓ పది లెక్కలు చేసి, ప్రతిసారీ చివర్లో ఏ ఆకారం వస్తోందో గమనించి, ఆ తర్వాత ఈ అడ్డదారి పట్టండి.

## నాలుగో దారి: సౌష్ఠవ రూపం

రేఖ మీద, ఇచ్చిన బిందువు నుంచి 5 యూనిట్ల దూరంలో ఉన్న బిందువులేవి? "దూరం" అనే మాట కనబడితేనే ఈ దారి పట్టాలి. లేకపోతే వద్దు.

స్లోప్ అంటే టాన్ తీటా, తీటా అంటే రేఖ ఎక్స్-అక్షంతో చేసే కోణం. −3/4 కాబట్టి తీటా రెండో పాదంలో తీసుకుంటాం, అక్కడ కాస్ −4/5, సైన్ 3/5. రేఖ మీద ఆర్ దూరంలో ఉన్న బిందువు:

(−2 − 4ఆర్/5, 5 + 3ఆర్/5)

ఆర్ = 5 వేస్తే (−6, 8), ఆర్ = −5 వేస్తే (2, 2). రెండిటినీ 3ఎక్స్ + 4వై లో వేసి చూడండి, రెండుసార్లూ 14 వస్తుంది. ఇదే లెక్కని దూరం ఫార్ములాతో చేయబోతే వర్గ సమీకరణం పరిష్కరించాలి. కాస్ విలువకి మైనస్ మర్చిపోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

## ఒక చూపులో

| చూడాల్సింది | వాలు-బిందు | వై = ఎంఎక్స్ + సి | నేరుగా సాధారణ రూపం | సౌష్ఠవ |
|---|---|---|---|---|
| మన లెక్కకి జవాబు | వై − 5 = −3/4(ఎక్స్ + 2) | వై = −3/4 ఎక్స్ + 7/2 | 3ఎక్స్ + 4వై = 14 | (−2 − 4ఆర్/5, 5 + 3ఆర్/5) |
| భిన్నాల బెడద | మధ్యలో ఒకసారి | మొదటినుంచి చివరిదాకా | లేదు | ఉంటుంది |
| తప్పు దొర్లే చోటు | నెగటివ్ నిరూపకం | సి లెక్క | మధ్య గుర్తు | కాస్ గుర్తు |
| బాగా నప్పేది | రాతపరీక్ష | గ్రాఫు, ల్యాబ్, కిరాయి లెక్కలు | ఆప్షన్ల పరీక్ష, లంబరేఖలు | దూరం అడిగినప్పుడు |
| నిలువు రేఖకి | పనిచేయదు | పనిచేయదు | పనిచేస్తుంది | పనిచేస్తుంది |

ఆఖరి వరస గురించి ఒక్క మాట. నిలువు రేఖకి స్లోప్ నిర్వచించలేం. అది (−2, 5) గుండా పోతే సమీకరణం ఎక్స్ = −2, ఫార్ములా ఏదీ అక్కర్లేదు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి మాత్రం ఇది చిన్న విషయం కాదు. రెండు బిందువుల ఎక్స్ ఒకటే అయితే స్లోప్ లెక్కలో సున్నాతో భాగించాల్సి వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. అందుకే కోడ్ రాసేటప్పుడు రేఖని సాధారణ రూపంలో దాచుకోవడం క్షేమం.

## మరి మీరు ఎవరు?

ఇంటర్ బోర్డు పరీక్ష రాసేవాళ్లు. వాలు-బిందు రూపమే రాయండి. ఫార్ములా ఒక లైన్, విలువలు వేసింది ఒక లైన్, సర్దింది ఒక లైన్, కింద సాధారణ రూపంలో జవాబు. పక్కన రఫ్‌లో మూడో దారితో ఒకసారి సరిచూసుకోండి, పది సెకన్ల పని. నేను మా మేనకోడలికి చెప్పింది ఇదే. "అంటే రెండూ చెయ్యాలా?" అని మూతి ముడిచింది కానీ, మూడో లెక్కకల్లా అలవాటైపోయింది.

ఎప్‌సెట్, జేఈఈ వాళ్లు. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 లెక్కలవే. సగటున ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొన్ని సెకన్లు మాత్రమే. మూడో దారి తప్ప వేరే ఆలోచన వద్దు. ఇంకా చెప్పాలంటే సమీకరణం కట్టడం కూడా ఒక్కోసారి వృథా. ఆప్షన్లు చూడండి, స్లోప్ సరిపోని వాటిని ముందు కొట్టేయండి, మిగిలిన వాటిలో బిందువు వేయండి. ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకి మార్కు కోత లేదు. జేఈఈ మెయిన్‌లో ఆప్షన్ల ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది, కాబట్టి అక్కడ గుర్తు దగ్గర రెండోసారి చూసి గానీ నొక్కొద్దు.

తొమ్మిది, పది చదివే పిల్లలున్న తల్లిదండ్రులు. ఫార్ములాతో మొదలుపెట్టొద్దు. గళ్ల కాగితం మీద బిందువు పెట్టించి, స్లోప్ 2/3 అంటే కుడికి మూడు గళ్లు, పైకి రెండు గళ్లు అని నడిపించండి. మన ఊళ్లో దీనికి ఉదాహరణలకి కొదవ లేదు. కైలాసగిరి రోప్‌వే చూపించి "కుడికి ఎంత, పైకి ఎంత" అని అడగొచ్చు (తీగ కొంచెం వేలాడుతుంది కాబట్టి అది అచ్చం సరళరేఖ కాదని మీ పిల్లలే పట్టుకుంటే సంతోషించండి). అరకు రైలు ఇంకా మంచి ఉదాహరణ. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో రూలింగ్ గ్రేడియంట్ 60కి 1, అంటే 60 మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు ఎత్తు. స్లోప్ 1/60. లెక్క కోసం రైలు 400 మీటర్ల ఎత్తున ఉన్న చోట మొదలై అదే వాలులో సాగుతుందనుకుంటే, 3 కిలోమీటర్ల తర్వాత ఎత్తు 400 + 3000/60 = 450 మీటర్లు. నిజానికి దారి పొడుగునా అదే వాలు ఉండదు, అది ఆ లైన్‌లో ఇంజిన్ లాగాల్సిన వాలుకి పెట్టుకున్న హద్దు. కానీ 1/60 అనే చిన్న అంకె మీదనే ఆ రైలు సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్ దాకా ఎక్కుతుందని చెబితే, స్లోప్ అనే మాటకి పిల్లల దగ్గర కాస్త మర్యాద వస్తుంది.

డిప్లొమా, డిగ్రీ ల్యాబ్ వాళ్లు. వై = ఎంఎక్స్ + సి. మీకు కావాల్సింది సమీకరణం కాదు, ఎం, సి విలువలు.

రెండు దారులు కలిపి మధ్యలో మారడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. వాలు-బిందుతో మొదలుపెట్టి, బ్రాకెట్ విప్పి, సి కోసం వెతికి, మళ్లీ 4తో గుణించి సాధారణ రూపానికి వచ్చే నోట్సులు చాలా చూశాను. జవాబు వస్తుంది, కానీ మద్దిలపాలెం నుంచి జగదాంబ వెళ్లడానికి గాజువాక తిరిగొచ్చినట్టు ఉంటుంది.

## చేసి చూడండి

దారి మీరే ఎంచుకుని నాలుగూ చేయండి.

1. బిందువు (3, −1), స్లోప్ 2/5
2. బిందువు (0, −6), స్లోప్ 4
3. బిందువు (1, 2), స్లోప్ 4/3; ఆ రేఖ మీద 10 యూనిట్ల దూరంలో ఉన్న బిందువులు
4. బిందువు (−7, 2), వై-అక్షానికి సమాంతరం

జవాబులు: మొదటిది 2ఎక్స్ − 5వై = 11. రెండోది వై = 4ఎక్స్ − 6. మూడోది (7, 10), (−5, −6). నాలుగోది ఎక్స్ = −7. మా మేనకోడలు మొదటిదానికి ఎడమవైపు 2ఎక్స్ + 5వై అని రాసి, స్లోప్ సరిచూసుకుని, నేను చెప్పకముందే కొట్టేసి మార్చుకుంది.